సోమిద: శాస్త్రనామమందలి తెలుగుమాట

క్రొత్త మొక్కను శాస్త్రజ్ఞుడు కనుగొనెననగా, అదివరకెవ్వరును దాని నెరుగరని భావింపరాదు. ఇందులకు సోమిద వృక్షమే సాక్షి.

1781 మొదలు 1793 వరకు సామర్లకోట యందుండిన విలియం రాక్స్‌బర్గ్ ఈ చెట్టును పరిశీలించెను. జతలుగా నమరిన పత్రకములను, గుత్తులుగా పూయు చిన్న పూవులను, అయిదు చెక్కలుగా పగులు కాయలను, రెక్కలుగల విత్తులను వర్ణించి, దీనిని అమెరికా ఖండపు మహాగని ప్రజాతిలో జేర్చి, ‘స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా’ యని 1790వ దశకమున ప్రకటించెను. ‘ఫెబ్రిఫ్యూగా’ యనగా జ్వరహరము. చేదైన దీని బెరడు సింకోనాకు బదులుగా నుపకరించునని యాతడు తలచెను.

1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఏడ్రియన్ ద జుస్యూ, ఇది మహాగనికంటె భిన్నమని గుర్తించి, ప్రత్యేక ప్రజాతిగా నేర్పరచెను. తెలుగువారి వాడుకపేరే ‘సోయ్మిడా’ యను ప్రజాతినామమయ్యెను. నేటికిని ఆ ప్రజాతియందు ఈ జాతి యొక్కటియే కలదు.

మహారాష్ట్రమున దీనిని రోహన్ అందురు. అయినను, శాస్త్రగ్రంథములందు ఏ దేశీయుడైనను తెలుగుమాటనే వాడవలెను. ఆ నామము వెంట రాక్స్‌బర్గ్, జుస్యూల పేర్లు నిలిచినవి. చెట్టు నెరిగి పేరిడిన పల్లెవారి పేర్లు నిలువలేదు, వారి మాట మాత్రము నిలిచినది. పొరుగు రాష్ట్రములందలి తెలుగు కుటుంబముల పెద్దలకు దెలిసిన చెట్లపేర్లను ఇప్పుడైనను వ్రాసియుంచుట కర్తవ్యము.