పాత ట్రాక్టరును కొనుటకు ముందు

పూర్వము మన రైతు సంతలో ఎద్దును కొనునప్పుడు ముందుగా నోరు తెరచి పళ్లు చూచెడివాడు. పళ్లవలన వయస్సు తెలియును. తరువాత మెడ తడిమి కాడి రాపిడి ఎంత ఉన్నదో చూచెడివాడు. దానివలన అది చేసిన పని తెలియును. ఆపైన నడిపించి, బండికి కట్టించి చూచినగాని బేరమునకు దిగెడివాడు కాడు. నేడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో దుక్కియు, విత్తనమును, తోలకమును ఎక్కువగా ట్రాక్టరుతోనే సాగుచున్నవి. క్రొత్త ట్రాక్టరు ధర లక్షలలో ఉండుటచేత చిన్న రైతు పాతదానికై వెదకును. ఎద్దు విషయమున అంత నిశితముగా ఉండిన చూపు, ట్రాక్టరు దగ్గరకు వచ్చుసరికి క్రొత్త రంగును చూచి ఆగిపోవుచున్నది.

ఇందువలన కలుగు నష్టము సామాన్యమైనది కాదు. ఈ సీమలో ఏడాదికి కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ విత్తుటకు తగిన పదును నిలుచునది కొద్ది రోజులే. ఆ రోజులలో ట్రాక్టరు మరమ్మతు షెడ్డులో ఉన్నచో పదును ఆరిపోవును, పంట పోవును, దానిని కొనుటకు చేసిన అప్పు మాత్రము నిలిచియుండును.

కాబట్టి మొదట అడుగవలసిన ప్రశ్న “ఇది ఏ సంవత్సరపు బండి?” అని కాదు; “ఇంతకాలము ఏ పని చేసినది?” అని. మెట్టపొలములో పనిచేసిన ట్రాక్టరుకు దుమ్ము శత్రువు. గాలిని వడగట్టు ఎయిర్ క్లీనరును శ్రద్ధగా శుభ్రము చేయనిచో సన్నని మట్టి ఇంజనులోనికి పోయి లైనర్లను, పిస్టన్ రింగులను అరగదీయును. చెరువుక్రింద మడి దున్నినదానికి నీరును బురదయును శత్రువులు. వెనుక చక్రములవద్ద ఇనుప చక్రములు బిగించిన గుర్తులు, ఆయిల్ సీలుల చుట్టు తడి, ముందు చక్రముల బేరింగులలో తుప్పు దీనికి సాక్ష్యములు. రాయి, ఇసుక, నీళ్ల ట్యాంకరు లాగినదానికి క్లచ్చి, బ్రేకులు ముందుగా అరుగును. ట్రాలీ తగిలించు కొక్కెపు రంధ్రము గుండ్రముగా నుండక కోలగా సాగియుండును. గంటలు చూపు మీటరు చెడిపోవచ్చును, మార్పబడవచ్చును. అరిగిన పెడలు, నునుపెక్కిన స్టీరింగు, పి.టి.ఓ. షాఫ్టు పళ్లు మాత్రము అబద్ధము చెప్పవు.

పరీక్షకు ఉదయముననే వెళ్లుట మంచిది. ఇంజనుపై చేయి పెట్టి చూడుడు. వేడిగా నున్నచో, మీరు రాకమునుపే ఎవరో నడిపినారని గ్రహింపవలెను. చల్లగా నున్నప్పుడే రేడియేటరు మూత తీసి నీటిపై నూనె తెట్టు ఉన్నదేమో చూడవలెను. ఆయిల్ కొలత పుల్లను తీసి చూచినప్పుడు నూనె పాలవలె తెల్లబారియున్నచో నీరు కలిసినదని అర్థము. తరువాత స్టార్టు చేయించి పొగను గమనింపవలెను. చలి ఉదయమున మొదట కొంచెము తెల్లపొగ వచ్చుట సహజము. అది ఆగకుండ వచ్చుచు, రేడియేటరులో నీరు కూడ తగ్గుచున్నచో హెడ్ గాస్కెట్టును అనుమానింపవలెను. నీలిపొగ ఇంజను ఆయిల్ కాలుచున్నదని తెలుపును. బరువు లాగునప్పుడు దట్టమైన నల్లపొగ వచ్చినచో గాలి చాలకపోవుటయో, డీజిల్ పంపు, నాజిళ్లలో లోపమో ఉండవచ్చును. ఇంజను నడచుచుండగా ఆయిల్ పోయు మూత తీసినప్పుడు పొగ గుప్పుగుప్పున పైకి తన్నుచున్నచో రింగులు అరిగినవని తలచవచ్చును.

ఇంజను తరువాత క్లచ్చి. మైదానములో పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా నొక్కి, క్లచ్చిని మెల్లగా వదలుడు. ఇంజను ఆగిపోవలెను. ఆగక తిరుగుచునే యున్నచో క్లచ్చి జారుచున్నది. క్లచ్చి పలక మార్చుటకు సాధారణముగా ట్రాక్టరును నడిమికి రెండుగా విడదీయవలసి యుండును. కావున పలక ధరకు కూలి కూడ కలుపుకొనవలెను. పిమ్మట కల్టివేటరును పైకెత్తించి ఇంజను ఆపివేయుడు. అది కొద్ది నిమిషములలోనే నేలకు దిగినచో హైడ్రాలిక్ భాగములలో లీకు ఉన్నది. చాల ట్రాక్టరులలో గేరుబాక్సుకును హైడ్రాలిక్కుకును ఒకే ఆయిల్ కనుక దానిని కూడ చూడవలెను. ముందు ఇరుసును జాకీతో లేపి చక్రమును పైన, క్రింద పట్టి కదల్పుడు. ఊగినచో బుష్షులో, బేరింగులో అరిగినవి. టైరు ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును.

యంత్రము బాగున్నను కాగితములు సరిగా లేనిచో అది కొనదగినది కాదు. ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును రిజిస్ట్రేషను పత్రముతో స్వయముగా పోల్చవలెను. బ్యాంకు అప్పు ఆ పత్రముపై నమోదై యున్నచో, అది తీరినట్లు బ్యాంకు సంతకము చేసిన 35వ నంబరు ఫారము పుచ్చుకొననిదే డబ్బు చెల్లింపరాదు. ట్రాలీకి వేరు రిజిస్ట్రేషను ఉండును. 2019కి ముందు నమోదైన ఎ.పి. 02 అనంతపురం జిల్లాది, ఎ.పి. 05, 37 వంటివి గోదావరి జిల్లాలవి, అనగా మడిబురద ఎరిగినవి కావచ్చును. 2019లో రాష్ట్రమంతటికిని 39వ వరుస వచ్చినందున ఆ ఆనవాలు క్రొత్త బండ్లకు లేదు. హిందూపురమునకు కర్ణాటక సరిహద్దు దగ్గర. అక్కడి బండి కొన్నచో అక్కడి రవాణా కార్యాలయపు నిరభ్యంతర పత్రము తప్పనిసరి. 29, 30 ఫారములతో యాజమాన్యము మార్పించుట కొన్నవానికే గాక అమ్మినవానికిని రక్షణ. పేరు మారకమునుపు ప్రమాదము జరిగినచో, రికార్డులో నున్న యజమానియే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది.

చూచిన లోపములన్నింటిని ఒక కాగితముపై వ్రాసి, మీకు నమ్మకమైన మెకానిక్కుచేత ఒక్కొక్కదానికి ఖర్చు వేయించుడు. అడిగిన ధరకు ఆ మొత్తము కలిపినదే ఆ ట్రాక్టరు అసలు ధర. లోపమున్నంతమాత్రమున బేరము విడువ నక్కరలేదు. లెక్కకు రాని లోపమే ప్రమాదకరము. ఈ పరీక్షలను చేతితో నేర్వగోరువారికి, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వము 1983లో నెలకొల్పిన వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్ష సంస్థ కలదు. అమ్మకందారు తొందరపెట్టినచో, మరునాటి ఉదయము చల్లని ఇంజనును చూచిన తరువాతనే బయానా ఇచ్చెదమని మర్యాదగా చెప్పుడు. మంచి బండి గలవాడు ఒక రాత్రి ఆగుటకు వెనుదీయడు.