ఆన్‌లైన్ విపణులలో అమ్మకపు రుసుములు: కిలో పసుపుపై చేతికందేది ఎంత?

మార్కెట్ యార్డులో సరుకు అమ్ముకున్న రైతు చేతికి చివరకు ఒక చీటీ వస్తుంది. నిజామాబాదు ప్రాంతంలో దానిని తక్‌పట్టీ అంటారు. తూకం, ధర, కోతలు, చెల్లించవలసిన మొత్తం అన్నీ అందులో ఉంటాయి. అక్షరం రాని రైతు సైతం దానిని ఎవరి చేతనైనా చదివించుకుని, ఏ కోత దేనికో అడిగి తెలుసుకుంటాడు. ఆన్‌లైన్ విపణిలో అమ్మిన రైతు ఉత్పత్తిదారుల సంఘానికి కూడా అటువంటి చీటీ వస్తుంది; దానిని సెటిల్‌మెంట్ రిపోర్టు అంటారు. అయితే దానిలోని వరుసలు ఎక్కువ, పేర్లు కొత్త, వేదిక మారితే అవీ మారుతాయి. అందువలన సంఘాల కార్యదర్శులు తరచుగా ఒకే అంకెను పట్టుకుని వేదికలను పోల్చుతుంటారు. ఆ అంకె కమీషన్ శాతం.

వ్యవసాయ సరుకుల విషయంలో ఈ పోలిక దారి తప్పిస్తుంది. చీర, చెవిపోగు వంటి వస్తువులకు బరువు తక్కువ, విలువ ఎక్కువ. అక్కడ కమీషనే ప్రధానమైన కోత. పసుపు, బెల్లం, చిరుధాన్యాల వంటివాటికి బరువు ఎక్కువ, విలువ తక్కువ. వీటిలో రాబడిని తినివేసేది శాతం కాదు. ప్రతి ఆర్డరుపై, ప్రతి అర కిలోపై పడే స్థిరమైన రూపాయలు. విస్తరణ సిబ్బంది సంఘాలకు సలహా ఇచ్చేటప్పుడు మొదట వేయవలసిన లెక్క ఇదే.

కోతలు ఎక్కడెక్కడ పడతాయి

పెద్ద వేదికలలో అమ్మకందారు చెల్లించే మొత్తం స్థూలంగా మూడు భాగాలు. మొదటిది వస్తువు తరగతిని బట్టి అమ్మకపు ధరపై తీసుకునే శాతం; అమెజాన్ దీనిని రిఫరల్ ఫీజు అంటుంది, ఇతరులు కమీషన్ అంటారు. రెండవది ప్రతి ఆర్డరుకు ధర శ్రేణిని బట్టి పడే స్థిర రుసుము, అంటే క్లోజింగ్ ఫీజు. మూడవది రవాణా. పార్శిల్ బరువు ఎంత, అది అదే నగరంలోకి వెళుతుందా, పక్క రాష్ట్రానికా, దేశం ఆ చివరకా అన్నదానిని బట్టి ఇది మారుతుంది. వీటన్నిటిపైనా 18 శాతం జీఎస్టీ పడుతుంది. ప్రకటనల ఖర్చు ఐచ్ఛికమే అయినా, కొత్త అమ్మకందారు సరుకు మొదటి పేజీలో కనబడాలంటే దాని నుండి తప్పించుకోవడం కష్టం.

పోటీ పెరిగిన కొద్దీ వేదికలు మొదటి భాగాన్ని వదులుకోవడం మొదలుపెట్టాయి. మీషో 2021లో అమ్మకందారులకు సున్నా కమీషన్ ప్రకటించింది. అమెజాన్ 2025 ఏప్రిల్ నుండి రూ. 300 లోపు ధర గల అనేక తరగతుల వస్తువులపై రిఫరల్ ఫీజును తీసివేసింది. ఇవి మంచి వార్తలే. అయితే తీసివేసినది మొదటి భాగాన్ని మాత్రమేనని గుర్తించాలి.

ఒక లెక్క

పసుపు పొడి అమ్మే సంఘాన్ని తీసుకుందాం. దిగువ రేట్లు ఏ ఒక్క వేదికవీ కావు; లెక్క నడక తెలియడానికి ఊహించుకున్నవి. మొదటి వేదికలో కమీషన్ 8 శాతం, ఆర్డరుకు స్థిర రుసుము రూ. 15, రవాణా మొదటి 500 గ్రాములకు రూ. 50, ఆపై ప్రతి 500 గ్రాములకు రూ. 20. రెండవ వేదికలో కమీషన్, స్థిర రుసుము లేవు. రవాణా మాత్రం మొదటి 500 గ్రాములకు రూ. 60, ఆపై ప్రతి 500 గ్రాములకు రూ. 25. రెండింటిలోనూ రుసుములపై 18 శాతం జీఎస్టీ కలుపుదాం. కవరు, అట్టపెట్టె బరువు కలిసి కిలో పొట్లం కిలో దాటుతుంది కనుక దానికి కిలోన్నర రవాణా చార్జీ పడుతుంది. రెండు కిలోల పొట్లానికి రెండున్నర కిలోలది.

పట్టిక: రుసుములు పోగా మిగిలేది (రూపాయలలో)

| పొట్లం | అమ్మకపు ధర | మొదటి వేదిక: కోత | మిగిలేది | రెండవ వేదిక: కోత | మిగిలేది |
|---|---|---|---|---|---|
| 200 గ్రా. | 80 | 84.25 | −4.25 | 70.80 | 9.20 |
| 1 కిలో | 340 | 156.00 | 184.00 | 129.80 | 210.20 |
| 2 కిలోలు | 660 | 233.40 | 426.60 | 188.80 | 471.20 |

మొదటి వరుసను చూడండి. 200 గ్రాముల పొట్లాన్ని మొదటి వేదికలో అమ్మిన సంఘం పసుపును ఉచితంగా ఇవ్వడమే కాక, ఎదురు నాలుగు రూపాయల పావలా చెల్లిస్తుంది. అందులో కమీషన్ వాటా రూ. 6.40 మాత్రమే. దానిని పూర్తిగా తీసివేసినా, జీఎస్టీతో కలిపి ఆదా అయ్యేది ఏడున్నర రూపాయలు. పసుపు కొమ్ముల వెల కూడా అందులో రాదు.

మిగిలినదానిలో నుండి సరుకు ఖర్చు తీయాలి. కొమ్ములు క్వింటాలు రూ. 12,000 అనీ, మర పట్టడం, తరుగు, కవరు, లేబులు, పెట్టె కలిపి కిలోకు రూ. 45 అనీ అనుకుంటే, పొడి కిలో రూ. 165 అవుతుంది. మొదటి వేదికలో కిలో పొట్లంపై మిగులు రూ. 19. రెండు కిలోల పొట్లంపై కిలోకు రూ. 48.30. అదే పొడిని పక్క పట్టణంలోని హాస్టలుకో, కిరాణా వ్యాపారికో కిలో రూ. 190 చొప్పున బస్తాలుగా ఇస్తే బండి కిరాయికి ముందు మిగులు రూ. 25. అంటే కిలో పొట్లాన్ని దేశమంతటా అమ్మడం కన్నా హాస్టలు మేలు కావచ్చు. రెండు కిలోల పొట్లమైతే ఆన్‌లైన్ మేలు. ఈ నిర్ణయం వేదిక మీద కన్నా పొట్లం మీద ఎక్కువ ఆధారపడి ఉన్నది. పసుపు రెండు కిలోలు ఒకేసారి కొనే ఇల్లు ఎన్ని ఉంటాయన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే పసుపు, కారం, ధనియాల పొడి, బెల్లం కలిపి ఒకే పెట్టెగా అమ్మే సంఘాలకు ఈ లెక్క కలిసివస్తుంది.

శ్రేణుల గీతలు

రవాణా చార్జీ నునుపుగా పెరగదు, మెట్లుగా పెరుగుతుంది. నికర బరువు 500 గ్రాములైతే పెట్టెతో కలిపి 540 అవుతుంది. చార్జీ కిలోకు పడుతుంది. పై ఉదాహరణలో కిలోకు బదులు 900 గ్రాముల పొట్లాన్ని అదే కిలో ధరన, అంటే రూ. 306కు అమ్మితే, మొదటి వేదికలో కోత రూ. 129.19, మిగిలేది రూ. 176.81. కిలోకు లెక్కిస్తే రూ. 196.46. కేవలం వంద గ్రాములు తగ్గించినందుకు కిలోకు పన్నెండు రూపాయలకు పైగా కలిసివచ్చింది. కమీషన్‌లో 3 శాతం రాయితీ ఇచ్చినా ఇంతే వచ్చేది. కొన్ని సరుకులను నిర్ణీత బరువుల పొట్లాలలోనే అమ్మాలన్న షెడ్యూలును ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల నుండి 2022లో తొలగించారు కనుక 450, 900 గ్రాముల పొట్లాలకు ఇప్పుడు అడ్డు లేదు. లేబులుపై నికర బరువు స్పష్టంగా ఉండాలి.

తేలికైన సరుకుకు ఇంకొక చిక్కు. పార్శిల్ పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు; వచ్చిన సంఖ్య అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే చార్జీ. 30×25×20 సెంటీమీటర్ల పెట్టెలో కిలో మరమరాలు పంపితే మూడు కిలోలకు చెల్లించాలి. అప్పడాలు, జొన్న పేలాలు, ఎండు పువ్వులు అమ్మే స్వయం సహాయక సంఘాలకు తూకం రాయి కన్నా టేపు ముఖ్యం.

సున్నా కమీషన్, తిరిగివచ్చే పార్శిళ్ళు

పట్టికలో కిలో పొట్లంపై రెండవ వేదిక రూ. 26.20 ఎక్కువ ఇస్తున్నది. ఆ ఆధిక్యం రెండు విధాలుగా కరిగిపోగలదు. చవక ధరల కోసం వచ్చే కొనుగోలుదారులున్న వేదికలో అమ్మకపు ధరనే తగ్గించవలసి వస్తుంది, రూ. 340కి బదులు రూ. 310కి అమ్మితే చేతికందేది రూ. 180.20, మొదటి వేదిక కన్నా తక్కువ. రెండవది, సరుకు అందిన తరువాత సొమ్ము చెల్లించే పద్ధతిలో తలుపు దాకా వెళ్ళి తిరిగివచ్చే పార్శిళ్ళు. ధర రూ. 340 గానే ఉంచి, పదింట ఒకటి తిరిగివచ్చిందనీ, రానుపోను చార్జీలు సంఘమే భరించిందనీ అనుకుందాం. తొమ్మిది పొట్లాలపై రూ. 1,891.80 రాగా, తిరిగివచ్చినదానిపై రూ. 259.60 పోతుంది. అమ్ముడైన కిలోకు మిగిలేది రూ. 181.36. వస్త్రం తిరిగివస్తే మళ్ళీ అమ్మవచ్చు. సీలు చెదిరిన ఆహార పొట్లాన్ని అమ్మరాదు కనుక అసలు నష్టం ఇంతకన్నా ఎక్కువే. తిరుగు చార్జీ ఎవరిపై ఎప్పుడు పడుతుందో ఒప్పందంలో ఉంటుంది. సంఘాలు మొదట చదవవలసిన పేజీ అదేనని నా అభిప్రాయం.

బహిరంగ నెట్‌వర్కు

2021 డిసెంబరులో లాభాపేక్ష లేని కంపెనీగా ఏర్పడిన ఓఎన్‌డీసీలో అమరిక వేరు. అక్కడ కొనుగోలుదారు యాప్, అమ్మకందారు యాప్, రవాణా సంస్థ వేర్వేరుగా ఉంటాయి. ఎవరి రుసుము వారిది. అందువలన శాతాలను కూడాలి. కొనుగోలు వైపు 3, అమ్మకం వైపు 5 అనుకుంటే కిలో పొట్లంపై జీఎస్టీతో కలిపి రూ. 32.10 పోయి రూ. 307.90 మిగులుతుంది. ఇది చూడడానికి ఎంతో ఆకర్షణీయం. అయితే రవాణా ఖర్చు అక్కడ మాయం కాలేదు, కొనుగోలుదారు బిల్లులోకి మారింది. జీఎస్టీతో రూ. 59 రవాణా చెల్లించి రూ. 80 పసుపు పొట్లం కొనేవారు అరుదు. ఆ ఖర్చును సంఘమే భరిస్తే కిలోపై మిగిలేది రూ. 248.90, అప్పటికీ మెరుగే, అయితే దగ్గరి పట్టణంలో అమ్మినంత వరకే. వరంగల్, గుంటూరు వంటి నగరాలకు సమీపంలోని సంఘాలకు ఈ మార్గం సరిపోతుంది. అమ్మకందారు యాప్‌తో ఒప్పందంలో చేరిక రుసుము, నెలసరి చందా ఉన్నాయేమో చూసుకోవాలి. నెలకు ముప్పై ఆర్డర్లు లేని సంఘానికి చిన్న చందా కూడా ఆర్డరుకు పెద్ద మొత్తమే.

పన్నును రుసుముగా పొరబడరాదు

సెటిల్‌మెంట్ రిపోర్టులో కనబడే టీసీఎస్, టీడీఎస్ వేదిక తీసుకునే రుసుములు కావు. సంఘం పేరున ప్రభుత్వానికి జమ అయ్యే ముందస్తు పన్ను. జీఎస్టీ టీసీఎస్ 2024 జూలై 10 నుండి 1 శాతం నుండి అర శాతానికి, ఆదాయపు పన్ను టీడీఎస్ 2024 అక్టోబరు 1 నుండి 1 శాతం నుండి 0.1 శాతానికి తగ్గాయి. రిటర్నులు దాఖలు చేయని సంఘానికి మాత్రం ఇవి నిజంగానే ఖర్చు.

2023 అక్టోబరు 1 నుండి, టర్నోవరు పరిమితి లోపు ఉన్న చిన్న అమ్మకందారులు తమ రాష్ట్రంలోపల మాత్రం జీఎస్టీ నమోదు లేకుండానే, పాన్‌తో నమోదు సంఖ్య తీసుకుని ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్మవచ్చు. పై లెక్క అటువంటి సంఘానిదే. నమోదు అంటే సంఘాలలో ఉన్న భయం పసుపు పొడి విషయంలో కొంత అతిశయమే. రూ. 340 ధరలో ఇమిడి ఉన్న 5 శాతం పన్ను రూ. 16.19, మొదటి వేదిక రుసుములపై సంఘం కట్టిన జీఎస్టీ రూ. 23.80. సాధారణ పద్ధతిలో నమోదైన సంఘం రెండవదానిని మొదటిదానితో సర్దుకోవచ్చు, పైగా ఇతర రాష్ట్రాలకూ అమ్మవచ్చు. అకౌంటెంటుకు ఇచ్చే ఫీజు వేరే లెక్క. తాజా కూరగాయల వంటి పన్ను లేని సరుకు అమ్మేవారికి ఈ సర్దుబాటు ఉండదు. వారికి రుసుములపై 18 శాతం పూర్తిగా ఖర్చే.

యార్డుకూ యాప్‌కూ తేడా

మార్కెట్ యార్డులో ఫీజు చట్టం ప్రకారం నిర్ణయమవుతుంది. మారాలంటే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. 1999లో మొదలైన రైతు బజార్లలో రైతు నుండి కమీషన్ తీసుకోరు. ఆన్‌లైన్ వేదికలో రుసుము ఒప్పందం మీద నడుస్తుంది; ఆ ఒప్పందాన్ని ఒక నోటీసుతో మార్చగలిగేది వేదికే. చేతివృత్తుల వస్తువులకు పేరుపడిన అమెరికా వేదిక ఎట్సీ తన లావాదేవీ రుసుమును 2018లో 3.5 నుండి 5 శాతానికి, 2022 ఏప్రిల్‌లో 6.5 శాతానికి పెంచింది. 2018 నుండి రవాణా మొత్తంపై కూడా ఈ శాతం పడుతున్నది. 2022లో వేలాది అమ్మకందారులు వారం పాటు దుకాణాలు మూసి నిరసన తెలిపినా రేటు తగ్గలేదు. మన దేశంలో ఇటీవలి మార్పులు తగ్గింపు వైపు ఉన్నాయి. అవి కూడా నోటీసుతో వచ్చినవే. కనుక ఒకే వేదిక కోసం పొట్లాలు, లేబుళ్ళు పెద్ద మొత్తంలో అచ్చువేయించడం అంత మంచిది కాదు. రుసుముల లెక్క కాగితంపై తేదీ వేసి, మూడు నెలలకొకసారి కొత్త రేట్లతో తిరిగి వేయాలి. విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఉన్నప్పుడు ఒక సంఘపు మూడు నెలల సెటిల్‌మెంట్ రిపోర్టులను వరుసవారీగా విడదీస్తే, ప్రశ్నావళితో తేలనివి ఎన్నో తేలుతాయి.

పోలికలో చివరి అంశం సొమ్ము వచ్చే రోజు. నెలకు 200 కిలోలు అమ్మే సంఘానికి కిలోకు రూ. 184 చొప్పున చెల్లింపు పది రోజులు ఆలస్యమైతే, ఎల్లప్పుడూ సుమారు రూ. 12,270 వేదిక వద్ద నిలిచి ఉంటుంది. 12 శాతం వడ్డీ వేసినా కిలోకు సుమారు అరవై పైసలే. ఖర్చుగా ఇది స్వల్పం. అయితే కొమ్ములు యార్డుకు వచ్చే ఫిబ్రవరి నుండి మే వరకు, సభ్యులకు అదే రోజు సొమ్ము ఇవ్వవలసిన సమయంలో, ఒక క్వింటాలు కొనుగోలుకు సరిపడే ఆ డబ్బు సంఘం ఖాతాలో ఉండదు. ఆ మొత్తాన్ని సీజనుకు ముందే విడిగా ఏర్పాటు చేసుకోవాలి.