రద్దు కోరిన ఉత్తర్వు వెనుక ఏమున్నది?

జిల్లా మారినంత మాత్రమున గణపవరము చేలగట్లు కదలవు, కాలువ దారి మారదు. కాని భూమి తగవుతో రైతు మెట్లెక్కవలసిన కలెక్టరు కచేరి మారును. 2022 జనవరిలో కొత్త జిల్లాల ముసాయిదా ప్రకటన వెలువడినది. అభ్యంతరములు చెప్పుకొనుటకు 30 దినముల గడువిచ్చిరి. ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు ఏర్పడినప్పుడు గణపవరము ఏలూరు జిల్లాలో చేరినది. పిదప మరల పశ్చిమ గోదావరి జిల్లాకు వచ్చినది. ఒకమారు చేసిన నిర్ణయమును ప్రభుత్వము ఇట్లు మార్చుకొనవచ్చునా?

ఇటువంటి ప్రశ్ననే అరువది ఏండ్ల క్రిందట మెట్టసీమలోని రెండు పల్లెలు సుప్రీంకోర్టు దాక తీసికొనిపోయినవి. నేడవి ఏలూరు జిల్లాలో ఉన్నవి; ఒకటి ధర్మాజీగూడెము, రెండవది లింగపాలెము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము తమ ఊర వెలయవలెనని ధర్మాజీగూడెము వారు సంఘముగా కూడి, చందాలు పోగుచేసి, 10,000 రూపాయలు బ్లాకు అభివృద్ధి అధికారి వద్ద జమకట్టిరి. పంచాయతి సమితి మొదట ఆ ఊరికే మొగ్గినను, 1961లో కేంద్రమును లింగపాలెమునకు మార్చుటకు తీర్మానించినది. 1962 మార్చి 7న ప్రభుత్వము, సమితికి నోటీసైన ఇయ్యకయే, ఆ తీర్మానమును కొట్టివేసినది. 1963 ఏప్రిల్ 18న ధర్మాజీగూడెము వారికి ఒక మాటైన చెప్పకయే తన ఉత్తర్వును తానే పునఃపరిశీలించి, కేంద్రమును లింగపాలెమునకు ఖాయపరచినది.

గద్దె వెంకటేశ్వరరావు కేసుగా న్యాయవాదులెరిగిన తీర్పు ఈ వివాదము నుండి పుట్టినదే. 1965లో దానిని వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావు. ఊరి కొరకు చందా వసూలు చేసిన సంఘాధ్యక్షునకు కోర్టు గడప ఎక్కు అర్హత కలదా అని ప్రభుత్వ పక్షము అడిగినది. ప్రజల సొమ్మునకు ఆ సంఘము ధర్మకర్త వంటిది కనుక అర్హత కలదని తీర్పు చెప్పినది. అంతతో ఆగలేదు. మొదటి ఉత్తర్వు సమితిని వినకుండ చేసినది కనుక చెల్లదు. రెండవదియు చెల్లదు, ఏలయన, 1959 నాటి చట్టములోని 62వ సెక్షను క్రింద ఇచ్చిన ఉత్తర్వును 72వ సెక్షను క్రింద పునఃపరిశీలించు అధికారము ప్రభుత్వమునకు లేదు, పైగా ఊరివారికి నోటీసు లేదు.

ఇంతవరకు ధర్మాజీగూడెము గెలిచినట్లే. కాని కోర్టు రెండవ ఉత్తర్వును రద్దుచేయలేదు. రద్దుచేసినచో మొదటి ఉత్తర్వు, అనగా మరియొక చెల్లని ఉత్తర్వు, మరల ప్రాణము పోసికొనును. సమితి సక్రమముగా చేసిన తీర్మానమునకు విరుద్ధముగా కేంద్రము ఆ ఊరికి దక్కును. రిట్ అధికారము విచక్షణతో వాడవలసినది కనుక, హైకోర్టు జోక్యము చేసికొనకుండుటయే యుక్తమని తేల్చిరి. కోర్టుకు వచ్చుట తగునని, తమకు అన్యాయము జరిగినదని విన్న ఊరివారు ఆరోగ్య కేంద్రము మాత్రము లేకయే ఇంటికి మరలిరి.

న్యాయవాదులకు ఇందున్న పాఠము కఠినమైనది. ప్రభుత్వపు తప్పును ఋజువు చేయుట సగము పని మాత్రమే. ఈ ఉత్తర్వు పోయినచో దాని వెనుక లేచి నిలుచునది ఏది? అది చట్టసమ్మతమేనా? రిట్ పిటిషనులో ప్రార్థన భాగము వ్రాయుటకు ముందే కలము నిలిపి ఈ రెండు ప్రశ్నలు వేసికొనవలెను. న్యాయ సమీక్ష ఏ ఊరికి ఆసుపత్రి కావలెనో నిర్ణయించునది కాదు. నిర్ణయించువారు చట్టము చూపిన దారిన నడచిరా, నష్టపడువారి మాట వినిరా అని చూచునది.

గణపవరము ప్రశ్నకు జవాబు ఇందే దొరకును. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టము, సరిహద్దులు మార్చు అధికారమును ప్రభుత్వమునకు స్పష్టముగా ఇచ్చినది. ముందుగా ప్రతిపాదన ప్రకటించి అభ్యంతరములు వినవలెనని కూడ విధించినది. కనుక అచ్చట నిర్ణయము మార్చుకొనుట తప్పు కాదు. వినకుండ మార్చినప్పుడే తప్పగును. ఆరోగ్య కేంద్రము విషయమున మార్చు అధికారమును లేదు, వినుటయు లేదు.

ఏలూరు, తాడేపల్లిగూడెము కోర్టు ఆవరణలలో చెట్టు నీడన కూర్చున్న కక్షిదారు అడుగునది ఒక్కటే: “మేము గెలుతుమా?” దానికి బదులు చెప్పుటకు ముందు, గెలిచిన మరునాడు అతని చేతికి ఏమి వచ్చునో చెప్పగలవాడే మంచి ప్లీడరు.