భీమథడి తట్టువ

పిఠాపురము రైలుస్టేషను నుండి కుక్కుటేశ్వరస్వామి గుడికి యాత్రికులను జట్కాలలో చేర్చిన పొట్టి గుఱ్ఱముల జాతి యేదని అడిగినవారు లేరు. బండి యీడ్చునంతకాలము ఉలవలు పెట్టి, ఆటోలు వచ్చినంతనే మఱచితిమి. దక్షిణాపథమున అట్టి శ్రమజీవులలో ఒక్కదానికి మాత్రము ఇటీవల గుర్తింపు దక్కినది. అది భీమథడి.

కృష్ణలో గలియు భీమానదీతీరమున, అరబ్బు, తురుష్కాశ్వములకును స్థానికములైన తట్టువలకును కలిగిన సంకరమున బుట్టి, మహారాష్ట్ర సేనలను అతిదూరములు మోసికొనిపోయిన యీ జాతి, ఆ సామ్రాజ్య మస్తమించిన పిమ్మట అంతరించినట్లే భావింపబడినది. అంతరింపలేదు! పుణె, సతారా, సోలాపురము ప్రాంతముల ధనగరు గొల్లలు మందల వెంట వలసపోవునపుడు, గుడారమును, వంటపాత్రలను, నడవలేని గొఱ్ఱెపిల్లలను, ఒక్కొక్కప్పుడు పసిబిడ్డలనుగూడ దీని వీపుననే యెక్కింతురు. దొరలు వదలిన గుఱ్ఱమును నిలిపినవారు గొల్లలే యనుట నా మతము. కర్నాలులోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ నమోదు చేయుటతో, మార్వారీ, కాఠియావారీ, మణిపురీ మొదలగువాని సరసన ఇది దేశమున 8వ అశ్వజాతి యైనది.

మన గోదావరి జిల్లాలలో ఎచ్చటనైన మిగిలియున్న జట్కాగుఱ్ఱముల కొలతలను, వంశవివరములను సైతము పశుసంవర్ధక శాఖవారు సేకరింపవలెను.