కింది దవడ: ఒక ఎముకా, రెండా?

మన దేహాన్ని కప్పి ఉంచే చర్మంలో రెండు పొరలున్నాయి. పైపొర చాలా పలచన. రక్తనాళాలు, నాడులు, స్వేదగ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు దాని కింది పొరలో ఉంటాయి. ఈ రెండింటికీ అడుగున కొవ్వు పరచుకొని ఉంటుంది. కరువులో ఆ కొవ్వు కరిగిపోయి, చర్మం ఎముకలకు అంటుకుపోతుంది. తిండికి లోటులేనివారి అస్థిపంజరం మాత్రం మరుగుననే ఉంటుంది.

అందువల్ల పూర్వకాలపు వైద్యులు ఎముకల గురించి చాలావరకు గ్రంథాల ద్వారానే నేర్చుకునేవారు. వాటిలో అగ్రస్థానం క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు గాలెన్ రచనలది. మన అరబీ గ్రంథాలు ఆయనను జాలీనూస్ అంటాయి. కింది దవడ రెండు ఎముకల కలయిక అనీ, అవి గడ్డం వద్ద అతుక్కొని ఉంటాయనీ ఆయన రాశాడు. దాదాపు వెయ్యేళ్లు అదే పాఠం నడిచింది.

క్రీ.శ. 1200లో నైలు నది సరిగా పొంగలేదు. ఈజిప్టును ఘోరమైన కరువు కమ్ముకుంది. ఆ రోజుల్లో అబ్దుల్లతీఫ్ అల్ బగ్దాదీ (1162–1231) అక్కడ వైద్యం బోధిస్తున్నారు. శరీర నిర్మాణం గురించి గ్రంథంలో ఉన్న మాటలు విద్యార్థులకు బోధపడటం లేదు. కైరో దగ్గరి అల్ మక్స్ వద్ద శవాలు గుట్టగా పడి ఉన్నాయని తెలిసి, ఆయన అక్కడికి వెళ్లారు. గుస్ల్‌కు, కఫన్‌కు, ఖబర్‌కు కూడా నోచుకోని అభాగ్యులు వారు. వైద్యశాస్త్రం వారికి పడిన రుణాన్ని ఎవరూ లెక్కగట్టలేదు.

ఏళ్ల తరబడి కితాబులు ముందు పెట్టుకొని పాఠాలు చెప్పే మాబోటి వారికి ఆయన చేసిన పని ఎంత కష్టమైనదో తెలుసు. ఒక దవడను చూసి, ఇదేదో అరుదైన సంగతి అని సరిపెట్టుకోవచ్చు. ఆయన అలా ఊరుకోలేదు. తాము చూసినవి, ఇతరులచేత చూపించినవి కలిపి రెండువేలకు పైగా పుర్రెలను పరీక్షించారు. ఎక్కడా అతుకు కనబడలేదు. గాలెన్ ఎంత నిశితంగా పరిశీలించినవాడైనా, కంటి సాక్ష్యమే అంతకన్నా బలమైనదని రాసిపెట్టారు. పెద్దలను తూలనాడకుండానే వారి మాటను సరిదిద్దవచ్చుననడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తోచదు. ఐరోపాలో వెసాలియస్ గ్రంథం ఇదే సంగతిని చెప్పింది 1543లో.

పాఠకులు తమ గడ్డాన్ని తడిమి చూసుకోవచ్చు. నడుమ ఎక్కడా కీలు తగలదు. కీళ్లు రెండు చెవుల ముందున్నాయి. అక్కడ వేళ్లు ఆనించి నోరు తెరిస్తే కదలిక తెలుస్తుంది.

అయితే ఇంట్లో చంటిబిడ్డ ఉంటే, ఆ బిడ్డ విషయంలో గాలెన్ మాట నిజమే. పుట్టినప్పుడు కింది దవడ రెండు భాగాలుగానే ఉంటుంది. మొదటి ఏడాదిలో అవి నడుమ కలిసి ఒకే ఎముక అవుతాయి.