గోల్ఫు పచ్చికలు – ప్రజల పాలు

మర్రిగూడ పిల్లవానికి ఆట కావలసినచో వేపచెట్టు చాలును. కొమ్మ విరిచి, మూరెడు గోనెయు జానెడు చిర్రయు చెక్కుకొని, కోతలైన చేనిలో చిన్న గుంత త్రవ్వి చిర్రగోనె ఆడుకొనును. అందులకు రుసుము లేదు, సభ్యత్వము లేదు, వాకిట కావలివాడు లేడు. కఱ్ఱతో కొట్టుటయందును, దూరమును సాధించుటయందును, గుంతతోడి పనియందును ఈ ఆటకు దాయాది యనదగిన ఆట యొకటి కలదు. దాని పేరు గోల్ఫు. మర్రిగూడకు రమారమి డెబ్బది కిలోమీటర్ల దూరమున, హైదరాబాదు నగరమున, ఆ ఆట నిత్యము నడచుచున్నది. కాని ఆ పిల్లవానికిని ఆ పచ్చికకును నడుమ నున్నది డెబ్బది కిలోమీటర్ల బాట మాత్రమే కాదు. ఆ అడ్డమేమి, అందు న్యాయమైన దెంత, తొలగింపదగిన దెంత యని నేడు విచారింప దలచితిమి.

ముందుగా ఒక మాట. మాకు గోల్ఫు ఆటపై ద్వేషము లేదు. దొరల ఆట యని తూలనాడుట సులభము. క్రికెట్టును సైతము ఆంగ్లేయులే తెచ్చిరి. అది నేడు మన చెఱువు కట్టల క్రిందను, కల్లములలోను, తాటిమట్టయే బ్యాటుగా ఆడబడుచున్నది. తాటిమట్టతో ఆడ వీలయినది కనుకనే అది మన దయినది. గోల్ఫు కాలేదు. కారణము ఆటలో లేదు, భూమిలో నున్నది. నాలుగైదెకరములలో క్రికెట్టు ముగియును. పదునెనిమిది గుంతల గోల్ఫు మైదానమునకో, నూట యిరువది మొదలు రెండువందల ఎకరముల వరకు కావలెను. గుంత వెడల్పు నాలుగుంబాతిక అంగుళములే! ఆ చిన్న గుంతలోనికి చిన్న బంతిని పంపుటకు అంతటి నేల నంతయు నున్నగా కత్తిరించి, తడిపి, ఎరువు వేసి, పురుగు పట్టకుండ కాపాడవలెను. ఆటగాడు తన సంచిలో పదునాలుగు కఱ్ఱల వరకు ఉంచుకొనవచ్చును. ఒక ఆట ముగియుటకు నాలుగు గంటలు పట్టును. కఱ్ఱల వెల వేలకు వేలయినను, అది కొన్నవాని సొంత ఖర్చు. దానితో లోకమునకు పని లేదు. నేల సంగతి అట్టిది కాదు. ఆ నేల ఎవరిది, ఎవ రిచ్చిరి, ఏ షరతుపై ఇచ్చిరి అను ప్రశ్నలు లోకము అడుగదగినవి.

ఈ ఆటకు పుట్టినిల్లని పేరుగన్న స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణ చరిత్రమును మన భూస్వాములు తప్పక తెలిసికొనవలెను. అచ్చట సముద్రతీరమున నాగలికి పనికిరాని ఇసుక నేల కలదు. అది మన గ్రామముల బంచరాయివంటి ఉమ్మడి నేల. దానిపై గోల్ఫు మొదలయిన ఆటలాడుకొనుటకు పట్టణ ప్రజలకు గల హక్కును 1552లో మతాధిపతి వ్రాసి యిచ్చిన శాసనము స్థిరపరచినది. తరువాత పట్టణ సభ అప్పులపాలై 1797లో ఆ నేలను పరుల పాలు చేసెను. కొన్నవారు దానిని కుందేళ్ల పెంపకమునకు వినియోగించిరి. కుందేళ్లు పచ్చిక నెల్ల గుల్ల చేయగా, ఆటగాండ్రకును వ్యాపారులకును ఏండ్ల తరబడి వ్యాజ్యములు నడచెను. 1821లో గోల్ఫు నెఱిగిన భూస్వామి యొకడు దానిని కొని ఆటను నిలిపెను. 1894లో పట్టణమువారు పార్లమెంటు చట్టము మూలమున తమ నేలను తిరిగి సంపాదించుకొనిరి. 1974 నుండి చట్టముచే నేర్పడిన ధర్మకర్తల సంస్థ దానిని నడుపుచున్నది.

దీని ఫలమేమి? లోకములోని గోల్ఫు మైదానములలో పేరుప్రతిష్ఠలందు అగ్రగణ్యమయిన ఓల్డ్ కోర్సు నేటికిని ప్రజల సొత్తు. పరదేశీయుడు వేసవిలో ఒక్క ఆటకు 2024లో 320 పౌనులు, అనగా మన రూపాయలలో ముప్పది వేలకు పైగా, చెల్లించెను. అతడు ఎంత ధనవంతుడయినను, చోటు కొఱకు చీటీలలో పేరు వేసికొని అదృష్టమును పరీక్షించుకొనుట కలదు. ఆ పట్టణమున కాపురమున్నవాడో, ఏడాది టికెట్టు స్వల్పమైన వెలకు కొని ఏడాది పొడుగునను ఆడుకొనును. ఆదివారము నాడు సాధారణముగా ఆట యుండదు. ఆనాడు వృద్ధులు, తల్లులు, పిల్లలు ఆ పచ్చికపై షికారు పోవుదురు. పరుల నుండి వెల గట్టిగా రాబట్టుట, తమవారికి తలుపు తెఱచి యుంచుట – ఈ రెండును ఒక్కచోట పొసగునని ఆ పట్టణము నిరూపించినది.

ఇట్లు కాని చోట్లును కలవు. అమెరికాలోని పెబుల్ బీచి మైదానమున ఒక్క ఆట వెల ఆరువందల డాలర్లు మించినది. అయినను డబ్బున్న ఎవడయినను అచ్చట ఆడగలడు. జార్జియా రాష్ట్రమునందలి ఆగస్టా నేషనల్ క్లబ్బు తలుపు డబ్బునకు సైతము తెఱచుకొనదు; వారు పిలిచినగాని సభ్యత్వము లేదు. ఆ క్లబ్బు తొలి నల్లజాతి సభ్యుని చేర్చుకొన్నది 1990లో. తొలి స్త్రీ సభ్యులను చేర్చుకొన్నది 2012లో. సెయింట్ ఆండ్రూస్ పచ్చిక ప్రజలదే యయినను, దాని యంచున నున్న రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు 2014 వరకు స్త్రీలను చేర్చుకొనలేదు. కావున వెల యొక గోడ, వాడుక మఱియొక గోడ. వెల గోడను ధనికుడు దాటును. రెండవ గోడను కొందఱు ధనికులును దాటలేకపోయిరి.

ఇక మన రాజధాని సంగతి. గోలకొండ కోటకు చేరువ, 1656లో మొగలుల ముట్టడి జరిగిన పిదప అబ్దుల్లా కుతుబ్‌షా కట్టించిన నయాఖిల్లా యున్నది. ఆ ప్రాకారముల నడుమనే నేడు గోల్ఫు పచ్చిక పఱచుకొని యున్నది. అచ్చటనే పాత మసీదులు, కుతుబ్‌షాహీ ఉద్యానముల ఆనవాళ్లు, ఏనుగు దేహమువంటి బోదెతో ఆఫ్రికా ఖండపు మహావృక్ష మొకటి కలవు. కోటను చూడ వచ్చిన సామాన్యునికి అవి తన తాతల సొత్తు. చరిత్రకును ఆటకును ఒకే ప్రాకారములో చోటు చేసినపుడు, ఆటగాని సౌకర్యము కొఱకు యాత్రికుని త్రోవ ఇఱుకు కారాదు. దీనికి సంబంధించి వివాదములు నడచుట ఆశ్చర్యము కాదు.

రెండవది మణికొండ ప్రాంతపు మైదానము. ఉమ్మడి రాష్ట్రపు పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ 2003లో దుబాయికి చెందిన ఎమార్ సంస్థతో ఒడంబడిక చేసికొని 535 ఎకరముల పథకమును తలపెట్టెను. అందు 235 ఎకరములు గోల్ఫు మైదానమునకు. కౌలు గడువు 66 ఏండ్లు. ఆ పథకపు వ్యవహారములపై 2011లో సి.బి.ఐ. కేసు నమోదయినది. అది న్యాయస్థానముల విషయము. అందు మేము తీర్పరులము కాము. కాని ఒక లెక్క చదువరుల ముం దుంచుదుము. 2023 ఆగస్టులో, ఆ మైదానమునకు కొలది కిలోమీటర్ల దూరముననే, కోకాపేటలో ప్రభుత్వ భూమి వేలము వేయగా ఎకరము నూరు కోట్ల రూపాయలను మించి పలికినది. ఇట్టి నేలలో రెండువందల ముప్పదియైదు ఎకరములు ఒక తరము పుట్టి పెరిగి ముదిమి పొందునంత కాలము ఆట కొఱకు కట్టుబడి యుండుట చిన్న సంగతి యగునా? ఆ ఆట ఎవరిదో ప్రజ లడుగరాదా?

ఇటీవల ఒక గోల్ఫు మైదానపు వాకిట మేము నిలువవలసి వచ్చినది. దాని పేరు చెప్పుట మా ఉద్దేశము కాదు. కంచె కవతల నలువురు స్త్రీలు వంగి కలుపు తీయుచుండిరి. పలుకుబడి పరిచితముగా తోచి పలుకరింపగా, వారు మన దేవరకొండ వైపు వారే. ఈ ఆట ఎన్నడయిన ఆడితిరా యని అడిగితిమి. "మాకేం ఆట సారూ, గడ్డి పీకుడే మా ఆట" అని నవ్విరి. ఆ నవ్వులో ఫిర్యాదు లేదు. అందుచేతనే అది మమ్ము నొప్పించినది.

మర్రిగూడవారు ఈ విషయమున మాటాడుటకు మఱియొక హక్కు కలదు. అది నీటి హక్కు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మర్రిగూడ, బట్లపల్లి, శివన్నగూడెము మొదలయిన గ్రామముల బావులలో ఆ మేరను మించిన నీటినే తరములుగా త్రాగిరి. పండ్లు గారపట్టినవారిని, నడుము వంగినవారిని, కాళ్లు వంకరపోయిన బాలలను ఈ ప్రాంతము కన్నది. ఇంటింటికి నదీజలమును కుళాయి ద్వారా తెచ్చుటకై 2016లో మిషన్ భగీరథ ప్రారంభమయినది. పల్లెలో మనిషికి దినమునకు నూరు లీటర్లు దాని లక్ష్యము. ఉష్ణదేశమున పెద్ద గోల్ఫు మైదానము ఒక్క వేసవి దినమున పది లక్షల లీటర్ల నీటిని పీల్చుట వింత కాదు. అనగా పదివేలమంది పల్లెవాసుల నాటి నీరు! శుద్ధిచేసిన మురుగునీటితో పచ్చికను పెంచిన యెడల మేము ఆక్షేపింపము. అట్లు చేయువారిని మెచ్చుకొందుము. మంచినీటితోను, బోరు నీటితోను పెంచిన పచ్చదనమును మాత్రము మర్రిగూడ తల్లి చూచి సహింపజాలదు.

"ఇది ఖర్చుగల ఆట, ఖర్చు పెట్టగలవారు ఆడుదురు, పన్ను కట్టుదురు, పని కల్పింతురు, విదేశీయులను రప్పింతురు, మీకేమి కష్టము?" అని కొంద రందురు. ఇందు కొంత నిజము కలదు. సొంత నేలపై, సొంత సొమ్ముతో, ఊరి నీరు ముట్టక మైదానము కట్టుకొన్నవానిని మేము ప్రశ్నింపము. వాడు ఒక్క ఆటకు లక్ష తీసికొన్నను వాని యిష్టము. సర్కారు నేల, కోట నేల, కౌలు నేల సంగతి అది కాదు. అందు ప్రతి ప్రజకును పాలు కలదు. పాలివాండ్రను వాకిట నిలిపి పంట నింటికి చేర్చుకొను పాలుదారుని మన గ్రామములలో ఏమందురో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు.

తలుపు తెఱచుట వలన ఆటకే లాభమని సాక్ష్యము కలదు. ఢిల్లీలో క్యాడీగా ఇతరుల సంచులు మోసిన అలీషేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచెను. ఆ పోటీని గెలిచిన వృత్తిక్రీడాకారులలో భారతీయు డతడే మొదటివాడు. బెంగుళూరు చెంతనున్న పల్లెలో పుట్టి, మైదానమున చిన్న కొలువు చేయుచు ఆట నేర్చిన చిక్కరంగప్ప వృత్తిక్రీడాకారు డయ్యెను. అదితి అశోక్ బెంగుళూరున పసితనమున ఫలహారశాల నుండి ఆటను చూచి, అచ్చటి అభ్యాస స్థలమున కఱ్ఱ పట్టెను. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో నాలుగవ స్థానము నొందెను. పసిబిడ్డను లోనికి రానిచ్చిన ఒక్క తలుపు దేశమునకు ఎంత కీర్తి తెచ్చినదో చూడుడు. మన పాలమూరు, నల్లగొండ ఎత్తునేలలలో చిర్రను కొట్టు చేతులలో ఎన్నింటికి అట్టి నేర్పు కలదో ఎవ రెఱుగుదురు?

కావున మా కోరికలు స్పష్టమైనవి. ప్రజల నేలపై నున్న ప్రతి మైదానమును తాను కట్టు కౌలెంతయో, గడువెంతయో ఏటేట ప్రకటింపవలెను. వారమున కొకనాడు, సెయింట్ ఆండ్రూస్‌వలె, ఆ పచ్చికపై ప్రజలను నడువనీయవలెను. కోటలోని కట్టడములకు, వృక్షములకు అడ్డులేని త్రోవ ఉండవలెను. సర్కారు బడి పిల్లలకు అభ్యాస స్థలమును ఉచితముగా విడిచి, కఱ్ఱలను క్లబ్బువారే ఎరువియ్యవలెను. క్యాడీలకును, తోటపనివారి బిడ్డలకును ఆడుటకు నియత దిన ముండవలెను. పచ్చికకు శుద్ధిచేసిన మురుగునీరు తప్ప వేఱు నీరు వాడరాదు. వీనిలో ఒక్కటియు క్లబ్బును దివాలా తీయించునది కాదు.

మన భూస్వాములకు ఒక హెచ్చరిక చేసి ముగింతుము. 2025 మార్చిలో ప్రభుత్వము ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ నేర్పరచి, యాచారము, మంచాల, కడ్తాలు మొదలయిన ఏడు మండలములలోని 56 గ్రామములను దాని క్రిందికి తెచ్చినది. యాచారము దాటిన మర్రిగూడ ఎంత దూరము? నగరము మన పొలిమేరకు వచ్చుచున్నది. రేపు భవంతులతో పాటు గోల్ఫు పచ్చికల పటములును మన ముంగిటికి రావచ్చును. మీ సొంత పట్టా నేల అమ్ముకొనుట మీ యిష్టము. బంచరాయిని, చెఱువు శిఖమును, వాగు పొరంబోకును అడిగినపుడు మాత్రము గ్రామసభలో లేచి నిలువుడు, షరతులు వ్రాయించుకొనుడు, వ్రాయనిదే వ్రేలిముద్ర వేయకుడు. సెయింట్ ఆండ్రూస్‌వారు తమ ఇసుకను పోగొట్టుకొని, మరల సంపాదించుటకు తొంబదియేడు ఏండ్లు పట్టినది. మనము పోగొట్టుకొననే వలదు. అపుడు గోల్ఫు వచ్చినను రానీ. మన చిర్రగోనె పిల్లవాడు కంచె కవతల నిలిచి చూచుట గాక, కఱ్ఱ చేతబట్టి లోనికి నడచిపోవును.