చెఱవీడిన ఏనుగు - అడవి అంచున సేద్యము

గొలుసు విప్పి అడవిలో విడిచినంత మాత్రమున పెంపుడు ఏనుగు అడవి ఏనుగు కాగలదా? ఇది జంతుశాస్త్రజ్ఞులకే చెందిన ప్రశ్న యని తలపరాదు. ఎదిగిన ఏనుగునకు దినమునకు రమారమి 150 కిలోల మేత కావలెను. ఆ మేతను అడవిలో వెదకుకొన నేర్వనిచో దాని చూపు మన చెఱకు మీదను, అరటి మీదను పడును. పైరుతో పాటు, రాత్రి కాపలా యుండు మనిషి ప్రాణమునకును అపాయము కలుగును.

థాయిలాండు దేశమున 1989లో సహజారణ్యములందు వ్యాపారమునకై చెట్లు నరకుట నిషేధింపబడెను. అంతవఱకు దుంగలు లాగుచుండిన ఏనుగులకు పని పోయినది. పెక్కింటిని మావటీలు పట్టణ వీథులలో త్రిప్పి బిచ్చమెత్తుకొనవలసి వచ్చెను. ఆ దేశపు రాణి సిరికిత్ ప్రోత్సాహమున 1997లో లాంపాంగ్ ప్రాంతపు దోయ్ ఫా మువాంగ్ అభయారణ్యమున కొన్ని ఏనుగులను విడిచిరి. 2002లో ఇందులకై యొక ప్రత్యేక సంస్థ ఏర్పడి, లోప్‌బురి ప్రాంతపు సబ్లంగ్కా అరణ్యమునకును ఈ కార్యము విస్తరించెను. విడిచిన ఏనుగులకు అడవిలోనే పిల్లలు పుట్టినవి. కొత్తచోటికి అవి అలవాటుపడిన వనుటకు ఇంతకన్న మంచి గుర్తు లేదు.

అయితే విడుచుటకు ముందు వైద్యపరీక్ష తప్పనిసరి. మనుష్యుల చెంత పెరిగిన ఏనుగులకు మనుష్యుల నుండియే క్షయ సోకవచ్చును. ఆ వ్యాధి అడవి మందలకు ప్రాకరాదు.

వ్యాధికన్న వదలింప కష్టమైనది అలవాటు. నీలగిరి జిల్లా ముదుమలై చెంత, తొండమునకు గాయమైన రివాల్డో అను అడవి ఏనుగు, వాళైతోట్టము గ్రామ పరిసరములలో జనులిచ్చు పండ్లకు మరిగెను. 2021 మే నెలలో దానిని దుంగల దొడ్డిలో నిలిపి చికిత్స చేసిరి. ఆగస్టులో మెడకు రేడియో పట్టీ కట్టి దూరపు అడవిలో విడిచిరి. అది మఱునాటికే పాతచోటికి నడచి వచ్చినది! పిమ్మట సిబ్బంది విడువక కనిపెట్టియుండగా, క్రమముగా అడవి బ్రతుకునకు అలవడినది.

సింహళములో జరిగిన యొక పరిశోధన దీనినే బలపఱచుచున్నది. ఊళ్లమీద పడుచుండిన 12 మగ ఏనుగులను పట్టి, ఉపగ్రహముల మూలమున జాడ తెలుపు పట్టీలు కట్టి, సంరక్షిత వనములలో విడిచిరి. వానిలో 10 ఆ వనములను దాటి వెడలిపోయెను. కొన్ని పట్టుబడినచోటికి మరలెను. కొన్ని సుదూరముగా తిరుగాడెను. కొన్ని మాత్రమే కొత్తచోట కుదురుకొనెను. తుదకు తగవులు తగ్గుటకు మాఱుగా మఱిన్ని చోట్లకు వ్యాపించెను. ఏనుగుల మరణములును హెచ్చెను. 2012లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి.

1980 దశకము నుండి ఏనుగుల రాకపోకలకు లోనైన చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్య పరిసర రైతులకు ఈ సంగతులు ఎంతయు ఉపయుక్తములు. ఏ యడవిలోనైనను ఏనుగును విడువ తలపెట్టినపుడు అచ్చటి సేద్యగాండ్రు సంఘముగా కూడి అధికారులను మూడు ప్రశ్నలు అడుగవలెను. వేసవిలో సైతము అచ్చట మేతయు నీరును చాలునా? విడిచిన పిదప దాని జాడను ఎన్నేండ్లు కనిపెట్టుదురు? అది పొలము వైపు వచ్చుచున్నదని ఊరికి ముందుగా తెలుపువా రెవరు?

మన వంతు పనియు ఒకటి కలదు. దారిన పోవు ఏనుగునకు ముచ్చటపడి చెఱకు ముక్కయో, అరటి గెలయో అందింపరాదు. నేడు చేతినుండి తిన్నది రేపు చేనులోనికే వచ్చును. ఏనుగును అడవికి మరలించుట యనగా మనుష్యుని మీది ఆశను మాన్పించుటయే. అది గొలుసు విప్పినంత సులభము కాదు.